ఎజ్డీ విప్పిన వారం

మిల్లు గేటుకి తాళం పడిన మూడో వారం
చేతులు ఊరుకోక ఎజ్డీని విప్పాను.
నెల్లిమర్లలో, మా రేకుల వసారాలో.
కింద పరిచింది మా మిల్లు గోనెసంచే.
దాని మీద నట్లూ బోల్టులూ
విప్పిన వరసలోనే పేర్చాను.
పిల్లి ఒకసారి నడిచెళ్లి
ఆ వరసని తనకి నచ్చినట్టు మార్చింది.

ముప్పై నాలుగేళ్ల బండి.
కిక్కుకీ గేరుకీ ఒకటే కాడ.
టాంకు మీద ఎరుపు ఎండకి ఇటుకరంగైంది.
నెల్లాళ్లుగా కడుపులో ఏదో సణుగుడు,
ఖాళీగా తిరిగేటప్పుడు ఉండదు,
నలభై దాటితే మొదలు.

రింగులన్నాను నేను.
పిస్టన్ నెత్తిన పేరుకున్న మసిని
కొబ్బరిచిప్ప ముక్కతో గీకాను,
ఇనుముతో గీకితే గాటు పడుతుందని.
కిరసనాయిలు గిన్నెలో కడిగి
కొత్త రింగులు తొడిగి, బిగించి, తన్నాను.
మూడో తన్నుకి అందుకుంది.
సణుగుడు మాత్రం కదల్లేదు,
అప్పిచ్చినవాడు అరుగెక్కి కూర్చున్నట్టు.

అప్పుడు అసిరమ్మ వచ్చింది వంటింట్లోంచి.
పిలిస్తే రాదు. పిలిస్తే వినబడదు.
స్పిన్నింగులో ఇరవై రెండేళ్లు,
ఆ ఫ్రేముల రొద
ఆమె వినికిడిని పోగులు పోగులుగా లాగి
బాబిన్లకి చుట్టుకుపోయింది.
ఇంట్లో మేం మాట్లాడుకునేది చేతుల్తో, కళ్లతో,
కోపమొస్తే గిన్నెలతో.

పెద్ద స్క్రూడ్రైవరు అందుకుంది.
మొన ఇంజను పొట్టకి ఆనించి
పిడిని చెవి వెనక ఎముకకి నొక్కి
కళ్లు మూసుకుంది.
కుడి పక్క. ఎడమ పక్క. మళ్లీ ఎడమ.
నేను రేసు పెంచుతూ, పొగలో దగ్గుతూ
ఆపరేషను గది బయటి చుట్టంలా నిలబడ్డాను.

"రింగులూ కావు, ఏటీ కావు.
ఈ పక్క కేంకు బేరింగు గుల్లయిపోనాది.
మా మూడో నెంబరు ఫ్రేము ఇలగే ఏడ్సీది."

మళ్లీ మొదటికొచ్చాను.
విజయనగరంలో మూడులాంతర్ల దగ్గర కొట్లో
పాత బేరింగు నెంబరు తుడిచి చూపిస్తే
"ఇది ఇంకా తిరుగుతందేటి?" అన్నాడు కొట్టువాడు.
కొత్తది ఆ రాత్రి
సోడాకొట్టు గవరయ్య ఐసుపెట్టెలో
గోళీసోడాల మధ్య పడుకుంది.

తెల్లారి ఇంజను చెక్కని
అట్లపెనం మీద పెట్టింది అసిరమ్మ.
నీళ్లు చిలకరించి చూసింది.
చుయ్‌మని ఎగిరితే అట్టుకి వేళయినట్టు,
బేరింగుకీ అంతే.
గుడ్డతో పట్టి పీట మీద బోర్లిస్తే
టక్కుమని రాలింది పాతది.
చల్లటి కొత్తది వేడి గూట్లోకి
ఒక్క దెబ్బ లేకుండా జారింది.
కొట్టి కూర్చోబెట్టడమే తెలిసిన ఫిట్టర్ని నేను,
సుత్తి ఎక్కడ పెట్టాలో తెలీక
కాసేపు చేత్తోనే పట్టుకున్నాను.

పెనం ఇంకా ఆయిలు వాసనే.
ఆ వారం అట్టు మాటెత్తలేదు ఎవరమూ.

ఫీలరు గేజి కనబడలేదు.
పాయింట్ల సందులో నా గేటుపాసు పెట్టి చూశాను.
సరిగ్గా దూరింది.
ఈ మధ్య ఆ అట్టముక్క
దూరగలిగిన చోటు అదొక్కటే.

సాయంత్రం చంపావతి వంతెన దాకా పోయాం.
ఏట్లో నీళ్లకన్నా ఇసకే ఎక్కువ.
వెనక అసిరమ్మ,
పాదాల్లోంచి ఏం వింటోందో ఏమో,
ఎత్తు మొదలయ్యే చోట
వీపు మీద వేలితో రెండుసార్లు పొడిచింది.
గేరు మార్చాను.

చొక్కా జేబులో ఒక వాషరు మిగిలిపోయింది.
ఎక్కడిదో తెలీదు.
ఆమెకి ఇంకా చెప్పలేదు.